నా చేతులతోనే అన్న మాట

మా వీధి ఆడవాళ్ళు ఎప్పుడు పెరట్లోకి వచ్చినా నేను చేటలో బియ్యం ఏరుతూ కనిపించేదాన్ని. "ఎప్పుడు సూసినా ఇదే పని. మీ ఇంటికి బియ్యంలో రాళ్ళొస్తాయా, రాళ్ళల్లో బియ్యమొస్తాయా?" అని ఒకావిడ అడిగింది కూడా. నవ్వి ఊరుకున్నాను. ఆ చేట కింద, పాత తువ్వాలు మీద, ఎవరిదో గ్రామఫోను విప్పిన ముక్కలు ఉండేవి. వాకిట్లో అడుగుల చప్పుడు వినగానే చేటను వాటి మీదికి జరపడం నాకు అలవాటైపోయింది. బియ్యం మాత్రం ఏనాడో ఏరినవే.

అరవైల చివరి రోజులవి. పాతపట్నం బజారు వీధిలో, ముందు గది కొట్టుగా, వెనక రెండు గదులు కాపురంగా ఉండే ఇల్లు మాది. కొట్లో బావ గడియారాలు, గ్రామఫోనులు బాగుచేసేవాడు. బావ అంటే నా భర్తే. మా మేనమామ కొడుకు కాబట్టి పెళ్ళయ్యాక కూడా ఆ పిలుపే ఉండిపోయింది. కుర్రతనంలో మా చర్చి దొరసానమ్మ అతన్ని విజయనగరంలో ఒక గడియారాల మేస్త్రీ దగ్గర పనికి పెట్టింది. తిరిగొచ్చి కొట్టు తెరిచాక ఏరు దాటి పర్లాకిమిడి నుంచి కూడా పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళు తమ పాత బూర పెట్టెలు మోయించుకొచ్చేవారు. వాటికి విడిభాగాలు దొరకడం అప్పటికే మానేశాయి. అరిగినదాన్ని సరిచెయ్యాలి, లేదా అలాంటిదే చేసి పెట్టాలి.

మా పెళ్ళైన కొన్నేళ్ళకు బావకు పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని చేతులకు వణుకు మిగిలింది. బలంగా ఏదైనా లాగేటప్పుడు, బరువు ఎత్తేటప్పుడు అది కనిపించేది కాదు. చిన్న స్క్రూ పట్టుకుంటే చాలు, వేళ్ళు రెండూ ఒకదాన్నొకటి తప్పించుకునేవి. చెవి మాత్రం ఎప్పటిలాగే ఉంది. పెట్టెకు కీ ఇచ్చి, తల వంచి విని, "కింద బుష్షు పోనాది. గొంతుకలో మెతుకు అడ్డం పడ్డట్టు నేదేటి?" అనేవాడు. విప్పి చూస్తే ఇరుసు తిరిగే ఇత్తడి గొట్టం, ఆ కింద బుష్షే, అరిగిపోయి ఉండేది.

మొదట నేను చిన్న ముక్కల్ని చిమటాతో పట్టుకుని సాయం చేసేదాన్ని. తరవాత స్క్రూలు విప్పాను. ఆ తరవాత ఆకురాయి పట్టాను. ఒక ఏడాది గడిచేసరికి కొట్లో బల్ల ముందు బావ కూర్చుని సరుకు తీసుకోవడం, లోపల వంటింటి కిటికీ దగ్గర నేను పని చెయ్యడం మా పద్ధతైంది. వణుకు సంగతి ఊళ్ళో కొందరికి తెలిసినా, నెమ్మదిగానైనా బావే చేసుకుంటున్నాడనుకునేవారు. "నా పేరు మీద వస్తన్నారు జనం. ఆ పేరు పోతే ఇంక కొట్టేటి, తలుపేటి?" అన్నాడు ఒకసారి. అంతకు మించి ఆ విషయం మేం మాట్లాడుకోలేదు.

నా చదువు మిషను బడిలో ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. మిగిలిందంతా శాఖా గ్రంథాలయంలో చదివాను. అక్కడికి వచ్చే ఆడవాళ్ళు తక్కువ, యంత్రాల పుస్తకాలున్న బీరువా తెరిపించే ఆడమనిషిని నేనొక్కదాన్నే. లోహాల మీద ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు వానాకాలాలు చదివాను. అది ముగించిన రోజు గ్రంథాలయం మెట్లు దిగుతూ, ఈ బజారులో ఈ సంగతులు తెలిసిన మనిషి ఇంకెవరున్నారు అనుకున్నాను. గ్రంథపాలకుడు మాత్రం పుస్తకం మీద ముద్ర వేస్తూ ప్రతిసారీ, "మీవారికి మంచి అభిరుచి ఉందమ్మా" అనేవారు. నేను తల ఊపేదాన్ని. దారంతా ఆ తల ఊపు నన్ను గుచ్చుతూనే ఉండేది.

ఉక్కు ఇరుసు కొత్తగా చెయ్యాలంటే, ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కాని పెళుసవుతుంది. దాన్ని మళ్ళీ నిదానంగా కాచి, గడ్డిరంగు తిరగ్గానే ఆపాలి. పుస్తకంలో అలా ఉంది. ఏ గడ్డి? కొత్తదా, ఏడాది పాతదా? నేను ఎదురింటి ఆవు మేత లోంచి రెండు పోచలు తెచ్చి ఉక్కు పక్కన పెట్టుకుని చూస్తుంటే బావ నవ్వాడు. "ఆ రాసిన దొర ఏ గడ్డి తిన్నాడో మనకేటి తెలుస్తాది?" అన్నాడు. తరవాత తనే ఒక పోచ తీసి వెలుగులో పెట్టి, "ఈ కొత్తదే. మా మేస్త్రీ కూడా ఈ రంగులోనే ఆపేవోడు" అన్నాడు. అలాంటి మధ్యాహ్నాల్లో మాకిద్దరికీ సిగ్గు గుర్తుండేది కాదు. ఎవరైనా తలుపు తడితేనే గుర్తొచ్చేది.

దొరసానమ్మ తమ దేశానికి వెళ్ళిపోతూ తన పెద్ద బూర గ్రామఫోనును చర్చికి ఇచ్చి వెళ్ళింది. ఏటా కోత పండుగనాడు, కానుకలు తెచ్చే ముందు, దాని మీద ఒక తెలుగు కీర్తన వేసేవారు. ఆవిడను ఎరిగిన ముసలివాళ్ళు ఆ పాట కోసమే చోళ్ళ బస్తాల బళ్ళెక్కి వచ్చేవారు. ఆ యేడు పండుగకు ముందు సరిచూద్దామని కీ ఇస్తే, పాట మేకపిల్ల అరుపై, పెట్టంతా గడగడలాడి ఆగిపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం కూర్చుంది. పండుగనాడు గుమ్మడికాయలు, కోళ్ళు వేలం పాడే సంఘపెద్ద లేచాడు. ఆయన బావకు వరసకు మేనమామ. నోరు తెరిస్తే నవ్వించే మనిషి.

"ఇది ముసిల్దైపోనాది. పండగనాడు గుమ్మడికాయల్తోపాటు దీన్నీ పాడీద్దాం. ఆ ఇత్తడికైనా ఎవుడో ఒకడు కొంటాడు. వచ్చేయేటికి మైకుసెట్టు తెచ్చుకుందాం."

బావ లేచి నిలబడ్డాడు. "పాడొద్దు మావా. నాను బాగుసేస్తాను."

"నువ్వేటి సేస్తావురా అల్లుడా. ప్రభువు బల్ల కాడ ద్రాక్షరసం గిన్నె పట్టనేక భుజం నొప్పని తప్పుకున్నావు. మాకు తెల్దనుకున్నావేటి?"

మగవాళ్ళ వైపు కొందరు నవ్వారు. బావ ముఖం నాకు కనిపించలేదు, మెడ కనిపించింది. అది నల్లబడింది. "దేవుడి ఎదట సెప్తన్నాను. పండగనాటికి నా సేతులతోనే దాన్ని పలికిస్తాను" అన్నాడు.

మా సంఘంలో దేవుడి ఎదట అన్న మాటకు వెనక్కి పోవడం ఉండదు. ఆ మాట అన్నవాడు అది నెరవేరిన రోజున లేచి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. ఎడమ వైపు చాపల మీద ముసుగు వేసుకుని కూర్చున్న నేను నా చేతుల్ని కొంగులో దాచుకున్నాను. ఎవరూ నా వైపు చూడలేదు. చూడటానికి కారణమేమీ లేదు.

పెట్టె ఇంటికి వచ్చింది. కీలో మిగిలిన బలమంతా నెమ్మదిగా వదిలించి యంత్రం బయటికి తీశాం. బావ విని చెప్పినట్టే జబ్బు, వేగాన్ని అదుపులో పెట్టే గవర్నరులో ఉంది. ఒక ఇరుసు చుట్టూ మూడు చిన్న సీసపు గుళ్ళు, పల్చటి ఆకుల్లాంటి స్ప్రింగులకు బిగించి ఉంటాయి. యంత్రం జోరెక్కితే గుళ్ళు విచ్చుకుని, ఒక బిళ్ళను తోలుముక్కకు అదిమి, ఆ జోరుకు అడ్డం పడతాయి. పాట మనిషి గొంతులా ఉండాలంటే ఆ ఇరుసు తిన్నగా తిరగాలి. ఇక్కడ ఇరుసు కొన గాడి పడింది. అది తిరిగే ఇత్తడి బుష్షులో గుండ్రటి కన్నం అరిగి అరిగి గుమ్మడి గింజ ఆకారానికి వచ్చింది.

ఇరుసు కొనను గాడి పోయేదాకా అరగదీసి, గట్టి ఉక్కు పుల్లతో రుద్ది అద్దంలా చేశాను. ఇప్పుడది మునుపటికంటే సన్నం కనుక బుష్షు కొత్తది కావాలి. పాడైన గ్యాసులైటు ఇత్తడి ముక్క ఒకటి దొరికింది. దాన్ని తరిమెన పట్టి గుండ్రంగా చెక్కడానికి మా దగ్గర విల్లుతో తిప్పే చిన్న సాధనం ఉండేది. ఒక చేత్తో విల్లు లాగుతూ ఇంకో చేత్తో ఉలి పట్టడం నాకు చాతకాలేదు. విల్లు బావ లాగాడు. లాగేటప్పుడు అతని చెయ్యి రాయిలా ఉండేది. ఉలి నేను పట్టాను. మొదటి బుష్షు వదులైంది. రెండోది బిగుసుకుంది. మూడోదాని కన్నం వెంట్రుకవాసి పెంచుతూ, తుడుస్తూ, పెట్టి చూస్తూ పోయాను.

వంటింటి కిటికీ పక్క సందులోకి తెరుచుకుంటుంది. విల్లు లాగడానికి బావ ఒరిగి కూర్చుంటే అతనే కనిపిస్తాడు. గోడ పక్కన నేను కనిపించను. ఎవరో చూశారు. మర్నాడు పక్కింట్లో ఉండే వదిన, అంటే బావ అక్క, వచ్చింది. నేను చేట జరిపాను.

"ఏటే, తమ్ముడి సేతులు బాగైపోనాయంట గదా. విల్లు పట్టుకుని మునుపట్లా లాగతన్నాడంట. వీధంతా అదే మాట. నాతో అనాల్సిన పన్లేదేటి మీకు?"

"పని చేస్తున్నాడు వదినా" అన్నాను. అది అబద్ధం కాదు.

"దేవుడు సూసినాడు" అని ఆవిడ అక్కడే కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. ఆ చేతులు మా ముక్కలు దాచిన చేటకు జానెడు దూరంలో ఉన్నాయి. ఆవిడ ప్రార్థన చేసినంతసేపూ నేను బియ్యం ఏరాను.

ఆవిడ వెళ్ళాక బావ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. అంతా విన్నాడు. "సేతులతోనే అని ఎందుకన్నానో" అన్నాడు.

"చేతులతోనే కదా చేస్తున్నాం" అన్నాను.

"నీకు పుస్తకాల మాటలు బాగా వచ్చాయి" అని వెళ్ళి కొట్లో కూర్చున్నాడు.

పండుగనాడు చర్చి గుడి లోపల వరి కంకుల తోరణాలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, బెల్లం వాసన. బల్ల పక్కన పెద్ద బూర. పాస్టరుగారు తల ఊపగానే బావ కీ ఇచ్చాడు. కీ ఇవ్వడం బలం పని కనుక చెయ్యి వణకలేదు. సూదిని ప్లేటు మీద పెట్టింది పాస్టరుగారే. కీర్తన మొదలైంది. గొంతు గొంతులాగే ఉంది. ఒక్కచోట కూడా వంగలేదు, పరుగెత్తలేదు. నా పక్కన ముసలామె ముసుగు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను పాట వినలేదు. గవర్నరు చప్పుడు విన్నాను. అది చప్పుడు చెయ్యలేదు. నాలోపల గర్వం పొంగింది, దాని వెంటే, అది ఇక్కడ, ఈ గుడిలో, ఎవరికీ చెప్పుకోలేని గర్వమని ఒళ్ళంతా ముడుచుకుపోయింది.

పాట అయిపోయాక పాస్టరుగారు అన్నారు: "మన సహోదరుడు మాట ఇచ్చి నెరవేర్చాడు. ప్రభువు అతని చేతులకు బలం తిరిగి ఇచ్చాడని ఊరంతా విన్నాం. ఇప్పుడు సాక్ష్యం చెప్తాడు."

"స్తోత్రం" అన్నారు అందరూ. వదిన అందరికంటే గట్టిగా అంది.

బావ లేచాడు. బాగయ్యాయని ఒక్క మాట చెప్పి కూర్చుంటే అతని పేరు నిలబడుతుంది. అది దేవుడి పేరు మీద అబద్ధమవుతుంది. నిజం చెప్తే కొట్టు పేరు ఆ చాపల మీదే రాలిపోతుంది. చెప్పెయ్యాలని కోరుకున్నానో, చెప్పకూడదని కోరుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. రెండూ కోరుకున్నాను. రెండింటికీ సిగ్గుపడ్డాను.

అతను రెండు చేతులూ ముందుకు చాపాడు. వేళ్ళు వణికాయి.

"సూడండి. బాగవ్వనేదు. ఆ జ్వరం నాటి సేతులే ఇవి" అన్నాడు. "దీన్ని బాగుసేసింది మా ఇంటిది. నాను విల్లు లాగాను, పెట్టె మోసాను. మిగతాదంతా అది సేసింది. ఇదొక్కటే కాదు. ఇన్నేళ్ళూ మీరు నాకిచ్చినవన్నీ అదే సేసింది. నా సేతులతోనే అని దేవుడి ఎదట అన్నాను. ఆ మాట తప్పాను. అదే నా సాక్ష్యం."

ఎవరూ స్తోత్రం అనలేదు. ఆ సాక్ష్యానికి ఏం అనాలో ఎవరికీ తెలియలేదు. అప్పుడు సంఘపెద్ద గొంతు సవరించుకున్నాడు.

"ఓరల్లుడా, అయితే నా గడియారం ఇన్నాళ్ళూ మీ వంటింట్లో పోపు వాసన సూసొచ్చిందన్నమాట. అందుకే గావాల, మధ్యాన్నం అయ్యేసరికి ఆకలేసినట్టు ఆగిపోతాది."

గుడి గుడంతా నవ్వింది. ఆయన చెడ్డ మనిషి కాడు, ఆ మౌనాన్ని భరించలేక అన్నాడని నాకు తెలుసు. నవ్వులోనే తలలన్నీ ఆడవాళ్ళ వైపు తిరిగాయి. పక్కనున్న ముసలామె నా మణికట్టు పట్టుకుని, చేతిని తిరగేసి మరగేసి చూసింది, సంతలో వంకాయను చూసినట్టు. "ఈ సేతులేనా" అంది. నాకు చేతిని వెనక్కి లాక్కోవడం కూడా చాతకాలేదు. పాస్టరుగారు పురుషునికి దేవుడిచ్చిన సాటియైన సహాయం గురించి రెండు మాటలు చెప్పి, కానుకలు తెమ్మన్నారు. గ్రామఫోనును వేలం వెయ్యలేదు. గుమ్మడికాయలు వేశారు.

ఇంటికి వస్తుంటే బావ ముందు నడిచాడు. వదిన వీధి మలుపు దాకా నా పక్కన నడిచింది.

"మొన్న నా సేత ప్రార్థన సేయించినావు" అంది చివరికి. "సేట ఎత్తి సూపించుంటే నీ సొమ్మేటి పోయేది?"

ఆవిడ తిట్టినా బాగుండేది. తమ్ముడి పరువు తీశావని అంటుందని గుడి దగ్గర్నుంచే మాటలు కూడగట్టుకుంటున్నాను. ఆవిడకు బాధ కలిగింది పరువు గురించి కాదు.

తరవాతి రోజుల్లో కొందరు వచ్చి రిపేరుకు ఇచ్చినవి వెనక్కి తీసుకెళ్ళారు. "తొందరేం లేదులే, తరవాత సూద్దాం" అన్నారు. కొందరు ఏ పనీ లేకుండానే వచ్చి, లోపలికి తొంగి చూసి వెళ్ళారు. సంఘపెద్ద తన గడియారం తెచ్చి బల్ల మీద పెట్టి, "పోపు తగ్గించి సెయ్యమను" అని వెళ్ళాడు. ఆయనొక్కడే మునుపటిలా ఉన్నాడు. గ్రంథాలయంలో పుస్తకం మీద ముద్ర వేస్తూ గ్రంథపాలకుడు ఈసారి అభిరుచి మాట ఎత్తలేదు. "ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా?" అన్నారు. ఎంతో కాలం ఆ మాట కోసమే ఎదురుచూసిన దాన్ని, అది వినగానే బయటికి నడిచాను. ఆ వారం తెచ్చుకున్న పుస్తకం తెరవలేదు.

ఒక ఉదయం బావ వంటింట్లోకి వచ్చి నా పీట, తువ్వాలు, ఆకురాళ్ళు ఎత్తుకుని కొట్లోకి తీసుకెళ్ళాడు. బల్లను పక్కకు జరిపి రెండో పీట వేశాడు.

"ఇక్కడ ఎలుగు బాగుంటాది. రా."

"అందరూ చూస్తారు. నాకు సిగ్గుగా ఉంది బావా."

"నాకూ ఉన్నాది. ఇద్దరం కూకుందాం."

కూర్చున్నాను, వీధికి వీపు పెట్టి. బజారులో నడిచే ప్రతి అడుగూ నా వీపు మీద ఆగినట్టుండేది.

ఆ మధ్యాహ్నం పర్లాకిమిడి నుంచి ఒక పెద్దమనిషి గ్రామఫోను సూది బిగించే సౌండుబాక్సు కాగితంలో చుట్టి తెచ్చాడు. ఎప్పుడూ వచ్చేవాడే. గుడి సంగతి అతనికి తెలియదు. బావ దాన్ని చెవి దగ్గర ఆడించి, సూదికాడ అతుకు దగ్గర అరిగిందని చెప్పి, బల్ల మీదుగా నా చేతికిచ్చాడు. ఆ పెద్దమనిషి నన్ను చూశాడు, అతన్ని చూశాడు.

"ఈమె చూస్తుందా?"

"ఈవిడే సూస్తాది. మొదట్నుంచీ ఈవిడే."

"మీ పేరు విని వచ్చాను."

"ఆ పేరులో సగం ఈవిడది. ఈవిడ సేతికి ఒగ్గలేనంటే తీసుకెల్లండి, నాను ఏటీ అనుకోను."

అతను ఖాళీ కాగితాన్ని మడుస్తూ నిలబడ్డాడు. స్క్రూ విప్పుతున్నాను కనుక నేను తల ఎత్తనక్కరలేదు. అందుకు ఆ స్క్రూకు ఎంతో రుణపడ్డట్టు అనిపించింది. బావ అతన్ని ఉండమని బతిమాలలేదు, పొమ్మనీ అనలేదు. చివరికి అతను గొడుగు గోడకు ఆనించి, కొట్టు మెట్టు మీద కూర్చున్నాడు.

"నిదానంగా చెయ్యమనండి. పర్లాకిమిడి చిన్న రైలు రావడానికి ఇంకా పొద్దుంది" అని బావతో అన్నాడు.

"ఆవిడకే సెప్పండి" అన్నాడు బావ.

అతను నాతో ఏమీ చెప్పలేదు. నేను చిమటా కోసం చెయ్యి చాపాను.